బ్లూ హిల్ వాతావరణ కేంద్రానికి రాష్ట్ర నిధులు: ఓటు లేనివాళ్లం ఉత్తరం రాస్తే పనికొస్తుందా?

వైజాగ్_కాంటన్:

అందరికీ నమస్కారం. ఉండేది కాంటన్‌లో, బోస్టన్‌కి దక్షిణంగా. హెచ్-1 వీసా మీద తొమ్మిదో ఏడు. ప్రశ్న చివర్లో ఉంది, ముందు కొంచెం కథ వినండి.

మా వంటింటి కిటికీలోంచి గ్రేట్ బ్లూ హిల్ కనిపిస్తుంది. 635 అడుగులు. సింహాచలం మెట్లెక్కిన కాళ్లకు అదో గుట్ట. నెత్తిన ఒక బురుజు ఉంటే ఏదో కోట కాబోలనుకునేవాణ్ణి. మొన్న మా పాప స్కూలు ప్రాజెక్టు పుణ్యమాని పైకి వెళ్లాం. అది వాతావరణ కేంద్రమట! అబాట్ లారెన్స్ రాచ్ అని ఇరవైనాలుగేళ్ల కుర్రాడు సొంత డబ్బుతో కట్టించి, 1885 ఫిబ్రవరి 1న లెక్కలు రాయడం మొదలుపెట్టాడు. అక్కడ ఇప్పటికీ మనుషులే చూసి రాస్తున్నారు. 1894లో గాలిపటానికి పరికరం కట్టి పైగాలి ఎలా ఉందో కొలిచింది కూడా ఈ కొండ మీదే.

నన్ను కట్టిపడేసింది మాత్రం డాబా మీది గాజు గోళం. పెద్ద బత్తాయంత ఉంటుంది. దాని వెనక ఒక అట్టముక్క. ఎండ కాసినంతసేపూ అట్ట సన్నగా కాలుతూ పోతుంది, మబ్బు పడితే గీత ఆగిపోతుంది. సాయంత్రం ఆ కాలిన గీత కొలిస్తే ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలిసిపోతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. చిన్నప్పుడు భూతద్దంతో నాన్న పేపరు కాల్చి తిన్న దెబ్బలు గుర్తొచ్చాయి.

1938 సెప్టెంబరు 21 తుపానులో ఇక్కడ గాలి విసురు గంటకు 186 మైళ్లు, అంటే 299 కిలోమీటర్లు. హుద్‌హుద్ రోజున, 2014 అక్టోబరు 12న, మా అమ్మ ఫోను మూగబోయింది. మళ్లీ మూడు రోజులకు గానీ పలకలేదు. ఆ 186 చూసి కదలలేకపోయాను.

కొండ మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వ పార్కులోది. కేంద్రాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. టికెట్లు, సభ్యత్వాలు, విరాళాల మీద ఇలాంటి పని ఎన్నాళ్లు సాగుతుంది? రాష్ట్ర బడ్జెట్‌లో ఏటా కొంత ఇవ్వాలని అడగాలని ఉంది. యాష్‌లాండ్ గుడి దగ్గర ఆదివారం సంతకాలు పోగుచేద్దామనుకుంటున్నా. ఓటు లేనివాడి మాట వింటారా? వీసాకి ఏమన్నా ఇబ్బందా?

బర్లింగ్టన్_బాబాయ్:

కోప్పడకు గానీ, వాతావరణం ఫోన్లో వస్తోంది గదా. ఎయిర్‌పోర్టులో యంత్రాలున్నాయి. మనిషి మెట్లెక్కి గాజు బంతి చూడ్డానికి నా పన్ను డబ్బెందుకు? పాతదైనంత మాత్రాన పనికొచ్చేదైపోదు. ఆ డబ్బేదో మా స్కూలు బస్సుకిమ్మను.

మిల్టన్_లక్ష్మి:

బాబాయ్ గారూ, రేపటి వాన సంగతి ఫోన్ చెప్తుంది. నూట నలభై ఏళ్లలో ఎండలు ఎంత ముదిరాయో చెప్పాలంటే ఒకే చోట, ఒకే పద్ధతిలో రాసిన లెక్క కావాలి. బోస్టన్ అధికారిక లెక్కలు 1936లో ఊరి మధ్య నుంచి విమానాశ్రయానికి మారాయి. మేడ మీద చూసిన జ్వరం, నీళ్ల పక్కన చూసిన జ్వరం ఒకటి కావు గదండీ. కొండ అయితే కదల్లేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి. నేనిక్కడ ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, మా టౌన్ మీటింగుల్లో కూర్చుని కూర్చుని నేర్చుకున్నదే చెప్తున్నా. శాసనసభ్యుడికి వినతి పెట్టుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు. నువ్వు ఆ నియోజకవర్గంలో ఉంటున్నావు, పన్ను కడుతున్నావు, చాలు. ఎన్నికల విరాళాల జోలికి మాత్రం పోకు, హెచ్-1 వాళ్లు ఇవ్వకూడదు.

గుడి దగ్గర సంతకాలంటావా? వచ్చేవాళ్లు నలభై ఊళ్ల వాళ్లు. ష్రూస్‌బరీ ఆయన సంతకం మీ కాంటన్ సభ్యుడికి చిత్తుకాగితం. ఊరి పేరు వారీగా విడివిడి కాగితాలు పెట్టు, ఎవరిది వాళ్ల సభ్యుడికి పంపు. అంతకన్నా మేలు, పదిమంది చేత పది సొంత ఉత్తరాలు రాయించు. అచ్చు గుద్దినట్టున్న వంద ఉత్తరాలను ఆఫీసులో కుర్రాళ్లు ఒకటిగానే లెక్కేస్తారు. మీ పాప అట్టముక్క సంగతి రాస్తే మాత్రం చదువుతారు.

వేళ ముఖ్యం. గవర్నర్ జనవరిలో బడ్జెట్ పెడతారు. దాని మీద చర్చ రాష్ట్ర కింది సభ హౌస్‌లో ఏప్రిల్, పై సభ సెనేట్‌లో మే, కొత్త ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలు. హౌస్‌లో సవరణలు పెట్టే ముందే నీ ఉత్తరం అందాలి, తర్వాత పంపితే మర్యాదగా జవాబొస్తుంది, అంతే. అన్నిటికన్నా ముందు ఆ కేంద్రం వాళ్లకి ఫోన్ చేసి ఏ ఖర్చుకి డబ్బు కావాలో కనుక్కో. పైకప్పా, జీతాలా? "సాయం చేయండి" అని ఊరికే రాస్తే పని కాదు.

రిటైర్డ్_ఫిజిక్స్:

నాయనా, వైజాగ్ అన్నావు. డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో వేధశాల, అంటే గ్రహాలూ నక్షత్రాలూ చూసే చోటు, పెట్టారని విన్నావా? ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కణ్నుంచే గమనించారు. వాన, గాలి లెక్కలూ రాసేవారు. ఆయన పోయాక 1894లో మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు. రాచ్ పనీ, వీళ్ల పనీ ఒకటే, ఇద్దరూ సొంత సొమ్ము పెట్టినవాళ్లే. నేను ముప్పై ఏళ్లు ఆ వీధుల్లో తిరిగాను, ఒక రాయి కూడా కనబడలేదు.

వైజాగ్_కాంటన్:

మాస్టారూ, సరస్వతీ పార్కు దగ్గరే నా టెన్త్ ట్యూషన్! రోజూ నడిచిన దారి. రాత్రి అమ్మనడిగితే "డాబాగార్డెన్స్‌లో వేధశాలేట్రా, చెప్పుల షాపులు గానీ" అంది.

లక్ష్మక్కా, కేంద్రానికి ఫోన్ చేశాను, రేపు మాట్లాడదామన్నారు. గుడి ప్లాను మానేశా. మా అపార్ట్‌మెంట్లో ఆరుగురు తెలుగువాళ్లం, పక్క బిల్డింగులో ఒక ఐరిష్ పెద్దాయన రాస్తామన్నాం. పాప తన ఉత్తరం అప్పుడే రాసేసింది. మొదటి వాక్యం: "ఎండ తన సంతకం తానే పెడుతుంది, నేను చూశాను." స్పెల్లింగులు దిద్దబోతే దిద్దనివ్వలేదు.

బాబాయ్, శనివారం కారులో ఒక సీటు ఖాళీ. కొండ కింద ఇడ్లీ, పైన గాజు బంతి. వస్తారా?

బర్లింగ్టన్_బాబాయ్:

చట్నీ ఏంటి?