వదులుకున్నవి రెండు పరస్పర ప్రభావాలు, పోయింది జింక్ ప్రధాన ప్రభావం: ఎందుకు?

ప్రశ్న:
వరిలో నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్ అనే నాలుగు కారకాలను వేసినప్పుడు, వేయనప్పుడు దిగుబడి ఎలా ఉంటుందో చూడడానికి 16 మేళవింపులను నాలుగేసి మడులున్న నాలుగు బ్లాకులలో (పక్కపక్కనే ఉన్న మడుల గుంపులలో) అమర్చాను. ఎక్కువ కారకాల పరస్పర ప్రభావాలు (ఒకదాని ప్రభావం మిగతావి వేశామా లేదా అన్నదాన్ని బట్టి మారడం) స్వల్పంగానే ఉంటాయన్న ధీమాతో నభపజ, నభప (న నత్రజని, భ భాస్వరం, ప పొటాష్, జ జింక్) అనే రెండింటిని బ్లాకుల తేడాలలో కలిసిపోనిచ్చాను. తీరా విశ్లేషణకు కూర్చుంటే జింక్ వేసిన మడులన్నీ రెండే బ్లాకులలో కనిపించాయి. జింక్ కోసమే మొదలుపెట్టిన ప్రయోగమిది. పొరపాటు ఎక్కడ జరిగింది?

మొదటి సమాధానం:
బ్లాకులలో కలిసిపోయే ప్రభావాలు, తత్సమ మూలకంతో (దేనితో గుణించినా దాన్ని మార్చనిదానితో) కలిసి, ఒక ఉపసమూహంగా (ఏ రెండింటి లబ్ధమైనా తనలోనే ఉండే సమితిగా) ఏర్పడతాయి. కాబట్టి ఏ రెండింటిని వదులుకున్నా వాటి లబ్ధం కూడా చేజారుతుంది. ఇక్కడ ఏ అక్షరమైనా రెండుసార్లు వస్తే కొట్టివేయబడుతుంది కనుక నభపజను నభపతో గుణిస్తే మిగిలేది జ, అంటే జింక్ ప్రధాన ప్రభావమే (జింక్ ఒక్కదాని సగటు ప్రభావమే). సమూహాల భాష వద్దనుకుంటే ఇలా చూడండి: మొత్తం ఎన్ని ఎరువులు వేశారో, మొదటి మూడింటిలో ఎన్ని వేశారో, ఆ రెండు సంఖ్యలు సరియా బేసియా అన్నది బ్లాకును బట్టే తెలిసిపోతే, జింక్ వేశారో లేదో కూడా దానితోనే తెలిసిపోతుంది.

నభప, భపజలను ఎంచుకుంటే లబ్ధం నజ అవుతుంది. అప్పుడు మొదటి బ్లాకులో ఏ ఎరువూ వేయని మడి, భప, నభజ, నపజ (ఇక్కడ అక్షరాలు ఆ మడిలో వేసిన ఎరువులు) ఉంటాయి. ఈ నాలుగూ ఒక ఉపసమూహం, మిగిలిన మూడు బ్లాకులు దాని సహసమితులు (ఆ ఉపసమూహాన్ని బయటి మేళవింపుతో గుణిస్తే వచ్చేవి). నాలుగేసి మడుల బ్లాకులలో కనీసం ఒక రెండు కారకాల ప్రభావాన్ని వదులుకోక తప్పదు. భాస్వరం ఎక్కువైతే జింక్ అందడం తగ్గుతుంది కనుక భజను మాత్రం వదలకండి.

రెండవ సమాధానం:
ఈ బీజగణితాన్ని ఆర్.సి. బోస్, కె. కిషన్ 1940లో పరిమిత క్షేత్రాల (కూడిక, తీసివేత, గుణకారం, సున్నా కానివాటితో భాగహారం చేయగల పరిమిత సంఖ్యా వ్యవస్థల) సాయంతో సాధారణీకరించారు. సంఖ్యాశాస్త్రజ్ఞుడు ఫిషర్ 1942లో సమూహాల పరంగా వివరించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ప్రతిపాదించిన లంబ వ్యూహాలు (కారకాల మేళవింపులు సమతూకంగా వచ్చేలా కూర్చిన పట్టికలు) కూడా ఆ దశాబ్దానివే. ఒక్కో కారకానికి మూడు స్థాయిలైతే (మూడు మోతాదులైతే) 3తో భాగించగా వచ్చే శేషాలు చాలు. నాలుగు స్థాయిలకు మాత్రం 4తో వచ్చే శేషాలు పనికిరావు: అక్కడ 2కు విలోమం (దానితో గుణిస్తే 1 వచ్చే సంఖ్య) లేదు కాబట్టి, మొదటి కారకం స్థాయికి రెండవదాని రెట్టింపును కలిపి బ్లాకులు చేస్తే, ఒక్కో బ్లాకులో మొదటి కారకానికి రెండే స్థాయిలు వస్తాయి, దాని ప్రధాన ప్రభావం కొంత బ్లాకులలో కలిసిపోతుంది. నాలుగు మూలకాల క్షేత్రాన్ని వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఈసారి రెండు ఆవృత్తులు వేస్తాను (16 మేళవింపులనూ రెండుసార్లు). మొదటిదానిలో నజను, రెండవదానిలో నభజ, నపజల ద్వారా భపను వదిలితే, ఒకదానిలో పోయినది మరొకదానిలో దొరుకుతుంది, భజ రెండింటిలోనూ నిలుస్తుంది. పాత దత్తాంశం నుంచి జింక్ ప్రభావాన్ని రాబట్టవచ్చా?

మొదటి సమాధానకర్త:
బ్లాకుల లోపలి పోలికలతో రాబట్టలేరు. రెండు బ్లాకుల సగటును మిగిలిన రెండింటితో పోలిస్తే వచ్చే తేడాలో జింక్ వాటా ఎంతో, నేల వాటా ఎంతో విడదీయడానికి ఆధారం లేదు.