కోనాడ మొగలో నీటి పరీక్షలు ఊరివాళ్లు చేస్తే ఉపయోగం ఉందా?

తీరవాసి:
పూసపాటిరేగ మండలం కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలుస్తుంది, ఆ కలిసే చోటే మొగ. ఊళ్ల మురుగైనా, రొయ్యల చెరువులు ఖాళీ చేసిన నీరైనా, ఫ్యాక్టరీ నీరైనా ఏట్లోకి దిగితే చేరేది ఆ మొగకే. చేపలు తేలాక కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేస్తే, వాళ్లొచ్చేసరికి నాలుగు పోట్లు తిరిగిపోతాయి. మత్స్యకార సంఘమే కిట్టు కొని నీటిలో ఆక్సిజన్, ఉప్పదనం, సీఓడీ (నీటిలోని మలినాలను రసాయనంతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందనే లెక్క) కొలవాలని నా ప్రతిపాదన. మీరేమంటారు?

చట్టం_చదివినవాడు:
నేను వద్దంటాను. 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం అధికారి నోటీసిచ్చి, మామూలుగా యాజమాన్యం ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు తీసుకోవాలి. అలా తీసిన వ్యర్థజలం ఫలితమే ఆ చట్టం కింద సాక్ష్యం. మీ సీసాకు ఆ విలువ రాదు. ఒక్క తప్పు అంకె బయటికొస్తే తర్వాత సరైన అంకెలనూ ఎవరూ నమ్మరు. దానికంటే సెక్షన్ 49 మేలు: 60 రోజుల నోటీసిస్తే సామాన్యుడైనా కోర్టుకు వెళ్లొచ్చు.

బ్యూరెట్:
సాక్ష్యం కాదు, ఒప్పుకుంటాను. కానీ అధికారి ఏ వేళ, ఎక్కడ సీసా ముంచాలో చెప్పగలిగేది ఊరి రిజిస్టరే. అది లేకపోతే ఆయన శుభ్రమైన నీరు పట్టుకెళ్తారు.

అయితే రోజూ పొద్దున 7కి తీస్తామంటే మాత్రం దండగ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. గడియారం చూసి తీస్తే ఒకరోజు ఏటి నీరు, ఇంకోరోజు సముద్రపు నీరు కొలుస్తారు. పాటు చివర, నీరు బాగా దిగాక తీయండి. ప్రతి సీసాకూ రిఫ్రాక్టోమీటరుతో ఉప్పదనం రాయండి. ఆ అంకె లేని ఆక్సిజన్ అంకెకు అర్థం లేదు.

ఆక్సిజన్‌కు 300 మిల్లీలీటర్ల గాజు మూత సీసా కావాలి. నీరు చిలకకుండా, బుడగ మిగలకుండా నింపాలి. బుడగ ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది. మాంగనస్ సల్ఫేట్ 2, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు పిపెట్ కొన ముంచి వదలాలి. తెల్లటి మడ్డి వస్తే ఆక్సిజన్ లేనట్టే, గోధుమ రంగైతే ఉన్నట్టు. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ఆ సీసా ముట్టొద్దు. అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసి, స్టార్చ్ వేసి, 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో నీలం పోయేదాకా చుక్కచుక్కగా కలిపి టైట్రేట్ చేస్తే, పట్టిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ కింద లెక్క.

సీఓడీ జోలికి వెళ్లకండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉంటుంది. సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్ దాన్నీ ఆక్సీకరిస్తుంది కాబట్టి మంచి నీరే విషంలా కనిపిస్తుంది. చట్టంగారు భయపడిన తప్పు అంకె సరిగ్గా ఇదే.

చెరువుగట్టు:
రొయ్యల రైతుల తరఫున ఒక మాట. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎక్కడైనా తగ్గుతుంది, రాత్రంతా నాచు పీల్చేస్తుంది కాబట్టి. పాటు ఆ వేళకే పడితే మా చెరువులదే తప్పంటారా?

బ్యూరెట్:
అనకూడదు. అందుకే అదే గంటలో మూడు చోట్ల తీయాలి: చెరువు నీరు ఏట్లోకి దిగే తూము పైన, తూము కింద, మొగలో. ఆక్సిజన్ పైన 5 ఉండి కింద 2 ఉంటే అది నాచు పని కాదు. మీ వైపు నుంచి ఒక పని ముఖ్యం. రొయ్యలు పట్టే రోజున చెరువు అడుగు నీటిలోనే బురదంతా ఉంటుంది. దాన్ని నేరుగా వదలక పక్క గుంటలో తేరనిచ్చి పైతేట మాత్రమే వదలండి.

చట్టం_చదివినవాడు:
మూడు చోట్లా, ఉప్పదనంతో సహా అయితే నా అభ్యంతరం సగం తగ్గింది. రిజిస్టర్ పేజీలకు ముందే నంబర్లు వేయండి, కొట్టివేతలపై ఇద్దరి సంతకాలుండాలి. హరిత ట్రిబ్యునల్‌కు సమస్య మొదట తలెత్తిన తేదీ నుంచి 6 నెలల్లోగా వెళ్లాలి కాబట్టి మొదటి తేదీ చాలా విలువైనది. కానీ తూము పేరు రాసి వాట్సాప్‌లో పెట్టడానికి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

తీరవాసి:
సీఓడీ తీసేస్తున్నాను. పేర్ల సంగతి సంఘంలో తేలాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. మొదటి 61 రోజుల లెక్క అప్పుడే రాద్దాం.