సి6, సి7 తేడా వేళ్లకు అందడం లేదు

బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో సంవత్సరం. సి7, అంటే మెడలోని ఏడో వెన్నుపూస, అనుకుని రూమ్మేట్ మెడ మీద పెన్నుతో గుర్తు పెట్టాను. మేడమ్ తడిమి చూసి అది సి6 అన్నారు. వచ్చే వారం వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తల వంచమని, మెడ వెనక బాగా పొడుచుకొచ్చిన రెండు ఎముక ముళ్ల మీద చెరో వేలు పెట్టు తమ్ముడూ. ఇప్పుడు మెల్లగా తల వెనక్కి వాల్చమను. సాధారణంగా సి6 వేలి కింద నుంచి ముందుకు జారిపోతుంది, సి7 అక్కడే నిలుస్తుంది. గట్టిగా నొక్కకు. మొదటి ఏడాదంతా నేను చేసిన తప్పు అదే. నొక్కేకొద్దీ వేలికి ఏమీ తెలియదు.

జవాబు: ఒక్క రూమ్మేట్ చాలడు. సన్నవాళ్లు, లావువాళ్లు, పెద్దవాళ్లు, అందరి మెడలూ అడిగి తడిమి చూడు. చేతులు వెచ్చగా ఉండాలి.

ప్రశ్న అడిగినవాడిని: ఇప్పుడే చూశాను అన్నా, జారింది! నిజంగా వేలికి తెలిసింది.