బ్రేకు లేని పడవ మలుపు ఎలా తిరుగుతుంది? పవర్‌బోటు పందెంపై సందేహాలు

హన్మకొండ పాఠకుడు అడిగినది:
2018 నవంబరులో విజయవాడ వద్ద కృష్ణా నదిలో జరిగిన ఫార్ములా వన్ పవర్‌బోటు పందేలను చూడడానికి మా మేనమామతో కలిసి కాజీపేటలో రైలెక్కి వెళ్లాను. ఒడ్డున నిలబడి చూసినంతసేపు తుంపరలు, చెవులు దద్దరిల్లే మోత తప్ప పందెం తీరు ఏమీ బోధపడలేదు. అంత వేగంలో బ్రేకు లేకుండా మలుపు ఎలా తిరుగుతారు? మొదట ముందున్నవాడే చాలాసార్లు చివరిదాకా ముందుండడానికి కారణమేమిటి? తెలిసినవారు వివరించగలరు.

కాజీపేట మెకానిక్ సమాధానం:
మీరు అడిగినట్లు ఆ పడవకు బ్రేకు లేదు, గేర్లు కూడా లేవు. సుమారు 6 మీటర్ల పొడవుండే ఈ క్యాటమరాన్‌కు అడుగున రెండు సన్నని పడవల వంటి భాగాలు, వాటి నడుమ సొరంగంలాంటి ఖాళీ ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ఆ ఖాళీలో చొరబడిన గాలి పడవను పైకెత్తుతుంది కనుక, గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగంలో అది నీటిలో ఈదడం మాని, మనం చిన్నప్పుడు చెరువు మీద విసిరిన పెంకులాగా పైపైన జారుతుంది. అప్పుడు నీటిని తాకుతూ ఉండేది వెనక అంచులు, ప్రొపెల్లర్ మాత్రమే. చాలా ఏళ్లపాటు వీటికి వాడిన 2.5 లీటర్ల వి6 టూ-స్ట్రోక్ ఇంజను సుమారు 400 హార్స్‌పవర్ ఇచ్చేది. కానీ నా దృష్టిలో పందెం గెలిపించేది ఇంజను బలం కాదు, పడవ వెనక తగిలించిన ఆ ఇంజను వాలును నడిపేవాడు మార్చే తీరు. నేరుగా సాగే చోట ఇంజనును కొద్దిగా బయటికి వంచితే ముక్కు లేచి నీటి రాపిడి తగ్గుతుంది. మలుపు దగ్గర పడగానే దానిని లోపలికి వంచి, యాక్సిలరేటర్ తగ్గిస్తే ముక్కు కిందికి దిగి, నీరే బ్రేకులాగా పట్టి ఆపుతుంది. కారులాగా పక్కకు ఒరగకుండా, పడవ నీటికి సమంగా ఉంటూనే మలుపు తిరుగుతుంది. ఆ క్షణంలో నడిపేవాడి శరీరంపై పడే ఒత్తిడి భూమ్యాకర్షణకు నాలుగు రెట్లు దాటవచ్చు.

ముక్కును అవసరానికి మించి లేపితే మాత్రం, గాలివానకు రేకుల షెడ్డు లేచిపోయినట్లు పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. ఎదురుగాలి వీచే రోజున వేగానికీ పల్టీకీ నడుమ గీత మరీ సన్ననిది.

కరీంనగర్ నుంచి మరొకరు:
రెండవ సందేహానికి జవాబు నీటిలోనే ఉంది. అర్హత పోటీలో వచ్చిన క్రమంలో పడవలను ఇంజన్లు ఆపి జెట్టీ పక్కన నిలుపుతారు. ఎర్ర దీపాలు ఆరగానే ఇంజన్లు మొదలుపెట్టి అందరూ మొదటి మలుపు వైపు దూసుకుపోతారు. అక్కడికి ముందు చేరినవాడికి నిశ్చలమైన నీరు దొరుకుతుంది. వెనకవారికి మిగిలేది అతడు చిలికి వదిలిన నురుగు నీరు. అందులో గాలి కలిసి ఉండడం వల్ల ప్రొపెల్లర్‌కు పట్టు చిక్కదు, పైగా తుంపరల తెర వల్ల ఎదుట ఏముందో కనిపించదు. అందుకే ఒడ్డున ఉన్న సహాయకుడు రేడియోలో దారి చెబుతూ ఉంటాడు.

హన్మకొండ పాఠకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పల్టీ కొడితే లోపలున్నవాడి గతి ఏమిటి?

కాజీపేట మెకానిక్:
పూర్వం ప్రమాదంలో విసిరివేయబడితేనే బతుకుతామని నమ్మి బెల్టు కట్టుకునేవారు కాదు. 1980ల తొలినాళ్లలో వరుస మరణాలు సంభవించాక, క్రిస్ హాడ్జెస్ అనే బ్రిటిష్ బోటు నిర్మాత నడిపేవాడి చుట్టూ గట్టి రక్షణ గూడు కట్టి, అందులో అతనిని బెల్టులతో బిగించే పద్ధతిని తెచ్చాడు. ఇప్పుడు ఆ గూడును నీటిపై తేల్చే ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది. తలకిందులైన గూడులోంచి బయటపడే పరీక్ష నెగ్గనిదే పందేనికి అనుమతించరు.

హన్మకొండ పాఠకుడు:
మన లక్నవరంలో ఇటువంటి పందెం సాధ్యమా?

కరీంనగర్ నుంచి:
కష్టమే. ఒక్కో చుట్టు సాధారణంగా సుమారు 2 కిలోమీటర్లు ఉంటుంది, దానికి అడ్డంకులు లేని వెడల్పైన నీరు కావాలి. కాకతీయులు పొలాల కోసం కట్టించిన ఆ చెరువులో అడుగడుగునా దీవులు, వాటిని కలుపుతూ వేలాడే వంతెన. అక్కడ టూరిజం వారి బోటెక్కి తిరిగి రావడమే మేలు.