పాత ఔట్‌లుక్ మెయిల్ ఫైలును (పీఎస్‌టీ) ఖాతాకే అప్పగించాలా, కొత్త ఫైలులోకి ఇంపోర్ట్ చేయాలా?

వేకువ:
కంప్యూటర్ మారుస్తున్నాను. పాతదానిలో ఔట్‌లుక్ 2010 ఉంది, కొత్తదానిలో ఔట్‌లుక్ 2019 వేశాను. ఖాతా పాప్ పద్ధతిది, అంటే మెయిళ్లు సర్వర్ నుంచి కంప్యూటర్లోకి దిగుతాయి. పదకొండేళ్ల మెయిళ్లు సర్వర్లో లేవు, నా దగ్గరున్న ఒక్క పీఎస్‌టీ ఫైలులోనే ఉన్నాయి. పరిమాణం 14 జీబీ. ఆ ఫైలునే కొత్త ఖాతాకు అప్పగించమని ఒకరు, కొత్త ఫైలు తయారుచేసి అందులోకి ఇంపోర్ట్ చేయమని ఇంకొకరు అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే. ఎవరి మాట వినాలి?

చుక్కాని:
ఇంపోర్ట్ జోలికి వెళ్లకండి. అన్నీ ఒక ఫైలులో పొందికగా ఉన్నప్పుడు మరో ఫైలులోకి తోడిపోయడం దేనికి? కంట్రోల్ ప్యానెల్‌లో ‘మెయిల్’ తెరిచి, ఖాతా వివరాలు మీరే నింపే పద్ధతి ఎంచుకోండి. పాప్ వివరాల పేజీలో, కొత్త మెయిళ్లు ఎక్కడికి చేరాలో అడిగే చోట రెండు ఎంపికలు ఉంటాయి: కొత్త డేటా ఫైలు, ఇప్పటికే ఉన్న డేటా ఫైలు. రెండోది ఎంచుకుని, బ్రౌజ్ నొక్కి మీ పీఎస్‌టీని చూపండి.

మొదటి ఎంపిక ముందే గుర్తు పెట్టి ఉంటుంది కాబట్టి చాలామంది చూడకుండా ముందుకు వెళ్లిపోతారు. తర్వాత పాత ఫైలును విడిగా తెరుస్తారు. ఎడమవైపు పట్టీలో రెండు ఇన్‌బాక్సులు! పాత మెయిళ్లు ఒకదానిలో, కొత్తవి మరోదానిలో. ఇంపోర్ట్ చేస్తే ఫోల్డర్లకు మీరు అమర్చుకున్న వ్యూలు (మెయిళ్లు కనిపించే తీరు) కూడా రావు.

నిప్పుకణిక:
చుక్కాని గారూ, మీ దారి దగ్గరిదే, కాదనను. కానీ పదకొండేళ్లు రోజూ వాడిన ఫైలు అది. ఔట్‌లుక్ తెరిచి ఉండగా కరెంటు పోయిన రోజులు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. అలాంటి ఫైలు మీదే మళ్లీ కొత్త మెయిళ్లను రోజూ రాయించడం నాకు భయం. ఇంపోర్ట్ చేస్తే కొత్త ఫైలు శుభ్రంగా మొదలవుతుంది, పాతది ముట్టుకోకుండా భద్రంగా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి ఒక చోటు మిగులుతుంది.

చుక్కాని:
ఆ చోటు కోసం ఇంపోర్ట్ అక్కర్లేదండీ, కాపీ చాలు. ఔట్‌లుక్‌ను పూర్తిగా మూసి, ఫైలును కాపీ చేసి, ఆ కాపీని ఖాతాకు ఇవ్వండి. అసలు ఫైలు పక్కన ఉంటుంది. పాడైందన్న అనుమానం ఉంటే ఔట్‌లుక్‌తో పాటు వచ్చే, పీఎస్‌టీ లోపాలను సరిచేసే స్కాన్‌పీఎస్‌టీని ముందుగా కాపీ మీద నడపండి. పాడైన ఫైలును ఇంపోర్ట్ చేయబోతే అది కూడా మధ్యలో ఆగిపోవచ్చు.

గవ్వ:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఫైలు ఏ కాలంనాటిది? ఔట్‌లుక్ 2002, అంతకు ముందువి తయారుచేసిన పీఎస్‌టీలు పాత రూపంలో ఉంటాయి, వాటి హద్దు 2 జీబీ. 2003 నుంచి వచ్చిన యూనికోడ్ రూపానికి ఆ ఇరుకు లేదు. 2010 నుంచి మామూలు హద్దు 50 జీబీ. పాత రూపంలోని ఫైలును 2019లో తెరిచినా అది పాత రూపంలోనే ఉంటుంది. నా ఫైలు అలాంటిదే. 2 జీబీకి చేరువై మొరాయించింది. కొత్త ఫైలులోకి ఇంపోర్ట్ చేశాకే ఊపిరి పీల్చుకున్నాను. డేటా ఫైలు లక్షణాల్లో, అడ్వాన్స్‌డ్ కింద ఫార్మాట్ చూడండి. పక్కన 97-2002 అని ఉంటే పాతదన్నమాట. వేకువ గారిది 14 జీబీ కాబట్టి ఆ చిక్కు లేనట్లే.

ఒక హెచ్చరిక. మొదటిసారి సగంలో ఆగిందని మళ్లీ ఇంపోర్ట్ చేశాను, నకళ్లను అనుమతించే ఎంపికతో. ప్రతి మెయిలూ రెండేసి! వాటిని ఏరడానికి ఒక ఆదివారమంతా పట్టింది. నకళ్లు వద్దనే ఎంపిక అక్కడే ఉంటుంది, దాన్ని పెట్టుకోండి.

నిప్పుకణిక:
గవ్వ గారు చెప్పినది నా వాదనకు నేను ఇవ్వాల్సిన అసలు ఆధారం. ఫైలు యూనికోడ్ రూపంలోనిదైతే నా పట్టు కొంత సడలిస్తాను. అయితే ఆ కాపీని పెట్టే చోటు మాత్రం కంప్యూటర్ సొంత డిస్కే కావాలి. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉన్న పీఎస్‌టీని నేరుగా వాడటం మైక్రోసాఫ్ట్ సమ్మతించే పద్ధతి కాదు. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఫోల్డర్‌లో ఉంచితే సింక్‌కు, ఔట్‌లుక్‌కు పెనుగులాట తప్పదు.

వేకువ:
నిన్న రాత్రి చేశాను. ఫార్మాట్ చూస్తే 97-2002 అని లేదు. ఔట్‌లుక్ మూసి, కాపీ తీసి, స్కాన్‌పీఎస్‌టీ నడిపాను. చిన్న లోపాలు చూపించి సరిచేసింది. తర్వాత ‘ఇప్పటికే ఉన్న డేటా ఫైలు’ ఎంచుకున్నాను. ఇన్‌బాక్స్ ఒక్కటే ఉంది, 2013 నాటి ఫోల్డర్లు కూడా ఉన్నచోటే ఉన్నాయి. సర్వర్లో పద్నాలుగు రోజులు ఉంచమన్న మెయిళ్లు మాత్రం మళ్లీ దిగాయి, నలభై వరకు. చేత్తో తీసేశాను.

చుక్కాని:
సంతోషం. ఖాతాల అమరికలో డేటా ఫైళ్ల పేజీకి వెళ్లి, ఈ ఫైలే డీఫాల్ట్‌గా ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే కొత్త అపాయింట్‌మెంట్లు వేరే క్యాలెండర్‌లో చేరతాయి.

నిప్పుకణిక:
స్కాన్‌పీఎస్‌టీ లోపాలు చూపించిందంటే నా భయం ఉట్టిది కాదు. పాత కంప్యూటర్లోని అసలు ఫైలును కనీసం ఆరు నెలలు తుడిచేయకండి.