ఆర్టికల్ 21లో ఆ నాలుగు మాటలకి 1949లో ఉన్న అర్థం ఏంటి? మార్చే హక్కు ఎవరిది?

రైతుబిడ్డ_హన్మకొండ:
మొన్న ఆధార్ చర్చల ఒకాయన గట్టిగ చెప్పిండు, న్యాయమైన పద్ధతి లేకుండ ఎవరి స్వేచ్ఛ తీయొద్దని ఆర్టికల్ 21లనే రాసి ఉన్నదని. రాసి లేదు. తెరిచి చూడుండ్రి. అక్కడున్నది నాలుగే మాటలు, ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా. చట్టం పెట్టిన పద్ధతి ప్రకారం తప్ప ఎవరి ప్రాణం గానీ వ్యక్తిగత స్వేచ్ఛ గానీ తీయొద్దు, అంతే. న్యాయమైన అనే మాట లేదు, సహేతుకమైన అనే మాట లేదు. మర్చిపోయి వదిలేసింది గాదు, కావాలని తీసేసిండ్రు. 1947 ఏప్రిల్‌ల రాజ్యాంగ సభ ముందుకొచ్చిన దాంట్ల డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా అని ఉండె, అంటే ఆ చట్టం న్యాయంగ ఉన్నదా అని గూడ కోర్టు చూడొచ్చు. ఆ ఏడాది చివర్ల రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా పోయి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిసిండు, ఆయన చెప్పిండు ఇది పెట్టుకుంటే ప్రజలు ఎన్నుకున్నోళ్లు చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు కొట్టేస్తరు, అది ప్రజాస్వామ్యం గాదు అని. డ్రాఫ్టింగ్ కమిటీ ఆ మాట తీసి జపాన్ 1946 రాజ్యాంగం 31వ ఆర్టికల్‌ల ఉన్న ఈ నాలుగు మాటలు తెచ్చి పెట్టింది. 1950ల, విచారణ లేకుండ జైల్ల పెట్టిన కమ్యూనిస్టు నాయకుడు గోపాలన్ కేసుల సుప్రీంకోర్టు గూడ గదే అర్థం చెప్పింది. మరి 1978ల, పాస్‌పోర్టు గుంజుకున్న మేనకా గాంధీ కేసుల "న్యాయంగ, సహేతుకంగ ఉండాలె" అన్నది ఎక్కడికెల్లి వచ్చింది? సభ వద్దన్నదాన్ని జడ్జీలు దొడ్డిదారిన తెచ్చిండ్రు. మాట మార్చాల్నంటే రాజ్యాంగ సవరణకు ఆర్టికల్ 368 ఉన్నది, పార్లమెంటు ఉన్నది.

బెంచ్3_కరీంనగర్:
ఫాలో అవుతున్న.

సుమతి_తెనాలి:
కావాలనే తీసేశారు, ఒప్పుకుంటున్నాను. కానీ తీసేసినవాళ్లకే ఆ పని మీద మనసు కుదర్లేదని మీరు రాయలేదు. 1948 డిసెంబర్ 13న అంబేడ్కర్ లేచి చట్టసభలు తప్పు చేయొచ్చు, ఐదారుగురు జడ్జీలూ తప్పు చేయొచ్చు అని రెండు వైపులా చెప్పి, నేను ఎటూ చెప్పను సభే తేల్చుకోవాలి అని కూర్చున్నారు. డ్రాఫ్టింగ్ కమిటీలోనే ఉన్న మున్షీ డ్యూ ప్రాసెస్ ఉండాల్సిందే అని వాదించారు. సరే ఓటింగ్‌లో పోయింది. ఆ తర్వాత బయట ఎంత గోల జరిగిందంటే 1949 సెప్టెంబర్ 15న అంబేడ్కర్ మళ్లీ వచ్చి, ఎవరినైనా ఎలాగైనా అరెస్టు చేసుకోమని పార్లమెంటుకి రాసిచ్చేసినట్టయింది అని జనం అంటున్నారు, దానికి పరిహారంగా కొత్త ఆర్టికల్ తెస్తున్నాం అన్నారు. ఇప్పుడు మనం 22 అంటున్నది అదే. పరిహారం అనే మాట ఆయనదే. తప్పు జరగలేదు అనుకునేవాళ్లు పరిహారం ఎందుకు కడతారండీ?

రైతుబిడ్డ_హన్మకొండ:
పరిహారం 22ల కట్టిండ్రు గదా, అయిపాయె. అరెస్టు కారణం చెప్పాలె, 24 గంటలల్ల మేజిస్ట్రేట్ ముందట పెట్టాలె, వకీలును పెట్టుకోనియ్యాలె. ఏమేం రక్షణలు కావాల్నో లెక్కపెట్టి రాసిండ్రు. 21ల అన్నీ దాగి ఉన్నయంటే మళ్ల 22 ఎందుకు రాసినట్టు? మీరు నా వాదననే బలం చేసిండ్రు అమ్మా.

లా_సెకండియర్:
డ్యూ ప్రాసెస్ పోవడానికి అసలు కారణం డ్రాఫ్టింగ్ కమిటీ సభ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అని మా క్లాసులో చెప్పారు. ఆయన గట్టిగా పట్టుబట్టకపోతే ఉండేదట.

పెన్న_ఒడ్డు:
ఇట్టా అల్లాడి వారి నెత్తిన వేసేది నాకు బాధగా ఉంటది, చాన్నాళ్లుగా చూస్తా ఉండా. ఆయన మా నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టినాయన, గుడి పూజారి కొడుకు, మద్రాసుకి అడ్వొకేట్ జనరల్ దాకా ఎదిగినాయన. డ్రాఫ్టింగ్ కమిటీ అంటే ఆయనొక్కడేనా? రావు అమెరికా నుంచి వచ్చి చెప్పింది కమిటీ మొత్తానికి. సభలో అల్లాడి చెప్పింది ఏందంటే, అమెరికాలో ఆ మాటకి ఒక్కో కాలంలో ఒక్కో అర్థం చెప్పుకుంటా వచ్చినారు, జడ్జీల ఇష్టాయిష్టాలకి చట్టాలు బలైనాయి, మనకి అది వద్దు అని. అందులో స్వార్థం ఏముంది? పుస్తకాల్లో మాత్రం ఏదో జనం స్వేచ్ఛ లాగేసుకున్నట్టు రాస్తారు.

సుమతి_తెనాలి:
పెన్న గారూ, స్వార్థం అని ఎవరూ అనలేదు. కానీ అదే ప్రసంగంలో దేశ భద్రత మనం అనుకుంటున్నంత గట్టిగా లేదు అని కూడా అల్లాడి అన్నారు, ఆ ముక్క వదిలేయొద్దు. తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు, మద్రాసులో కమ్యూనిస్టుల్ని లోపల వేస్తున్న రోజులు. గోపాలన్‌ని పట్టి ఉంచింది కూడా మద్రాసు జైల్లోనే కదా. ఆ భయంలో ఎంచుకున్న మాట అది.

పెన్న_ఒడ్డు:
భద్రత గురించి ఒక వాక్యం అన్నాడని మొత్తం ప్రసంగాన్ని దానికి కట్టేస్తే ఎట్టా అమ్మా. నేను చెప్పేది ఆయనొక్కడే కారణం కాదని.

శీను_డల్లాస్:
ఇక్కడ డ్యూ ప్రాసెస్ 1791 నుంచీ ఉంది, రాష్ట్రాలకి 1868 నుంచీ ఉంది. ఆ మాట ఉన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరిగిపోయిందనుకోకండి.

రైతుబిడ్డ_హన్మకొండ:
భయం ఎక్కడిదో నేను చెప్తా, పోలీసులది గాదు, భూమిది. అమెరికాల డ్యూ ప్రాసెస్ పట్టుకొని కోర్టులు ఏం చేసినయో 1949 నాటికి అందరికీ తెలుసు. 1905ల లాక్నర్ కేసు, న్యూయార్క్‌ల రొట్టెల బట్టీ కార్మికులతోని రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించొద్దని చట్టం చేస్తే కోర్టు కొట్టేసింది. అలాంటి జడ్జీల చేతికి మన కౌలు చట్టాలు, జమీందారీ రద్దు పోతే ఏమయితుండె? ఇది నేను పుస్తకంల చదివి చెప్తలేను. మా తాత రక్షిత కౌలుదారు, అంటే ఇష్టమొచ్చినట్టు భూమి ఖాళీ చేయించకుండ చట్టం కాపాడేటోడు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చినా గూడ పట్టాదారు కోర్టుల చుట్టు తిప్పిండు, వాయిదా అంటే తాత పొద్దున బస్సెక్కి రాత్రికి వచ్చేటోడట, వకీలు ఫీజుకు రెండెడ్లల్ల ఒకటి అమ్మిండు. కౌలుదారును భూమికి యజమానిని చేసే 38ఇ సర్టిఫికెట్ వచ్చేనాటికి తాత లేడు, మా నాయిన చేతికి వచ్చింది. నాలుగెకరాలు. అది ఇచ్చింది చట్టసభ. అడ్డం పడ్డది కోర్టు.

సుమతి_తెనాలి:
మీ తాతగారి మాట చదివాక ఒక నిమిషం ఆగాను. కానీ లెక్క ప్రకారం మాట్లాడుకుందాం. అమెరికాలో ఆ క్లాజులో ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మూడూ ఉన్నాయి. మనవాళ్లు 1947 ఏప్రిల్‌లోనే ఆస్తిని అందులోంచి తీసి వేరే క్లాజులో పెట్టారు. అంటే భూమి గురించిన భయం అప్పటికే తీరింది. ఇంకా డ్యూ ప్రాసెస్ ఎందుకు తీసేశారు? భూమి పేరు చెప్పి మనిషిని జైల్లో పెట్టే వీలు ఉంచుకున్నారు.

రైతుబిడ్డ_హన్మకొండ:
తీరలే. లాక్నర్ కేసుల కొట్టేసింది ఆస్తి పేరు మీద గాదు, స్వేచ్ఛ పేరు మీద. లిబర్టీ అంటే ఇష్టమొచ్చిన కాంట్రాక్ట్ చేసుకునే స్వేచ్ఛ గూడ అన్నరు. అందుకనే డ్రాఫ్టింగ్ కమిటీ లిబర్టీ ముందట పర్సనల్ అని ఇంకో మాట చేర్చింది. ఒక్కొక్క మాట తూకం వేసి పెట్టిండ్రు అమ్మా, మనం ఇయ్యాల దులుపుకొని పోతున్నం.

సుమతి_తెనాలి:
పర్సనల్ అని చేర్చాక ఆ కాంట్రాక్టుల దారీ మూసుకుపోయింది కదా! ఆస్తీ పోయింది, కాంట్రాక్టులూ పోయాయి, మిగిలింది మనిషి ఒళ్లు. ఆ ఒళ్లుకి కూడా న్యాయమైన పద్ధతి అక్కర్లేదన్నారు, నేను అడిగేది అదే. ఇంకోటి, డ్యూ ప్రాసెస్ లేకపోయినా 1951లో పట్నా హైకోర్టు బిహార్ భూసంస్కరణల చట్టాన్ని సమానత్వం ఆర్టికల్ 14 మీద కొట్టేసింది. మీరు చెప్పే కంచె భూమినీ కాపాడలేదు.

రైతుబిడ్డ_హన్మకొండ:
కొట్టేస్తే మూడు నెలలల్ల మొదటి సవరణ తెచ్చి కోర్టులు కొట్టేయకుండ చట్టాలను కాపాడే తొమ్మిదో షెడ్యూల్ పెట్టిండ్రు, 13 చట్టాలు, అండ్ల మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఉన్నది, హైదరాబాద్ జాగీర్ల రద్దు ఉన్నది. సవరణ చేసిండ్రు! రాజ్యాంగం నచ్చకుంటే చేసే పద్ధతి అది. మాట అట్లనే ఉంచి అర్థం మార్చుడు గాదు.

వెంకట్_విజయనగరం:
అసలు ఎస్టాబ్లిష్డ్ అనే మాట ఎవరూ పట్టించుకోరేటి? గోపాలన్ తీర్పులో జడ్జి పతంజలి శాస్త్రి గారు ఆ మాటకి కొంత స్థిరపడిన, అందరూ ఒప్పుకున్న పద్ధతి అనే అర్థం ఉంది అన్నారు. నిన్న పుట్టిన చట్టం ఎస్టాబ్లిష్డ్ ఎలా అవుతాది?

రైతుబిడ్డ_హన్మకొండ:
ఆయన గూడ ఆఖరికి మెజారిటీ దిక్కే ఉన్నడు. పార్లమెంటు మార్చుకోవచ్చనే అన్నడు.

వెంకట్_విజయనగరం:
తీర్పు ఎటైనా మాట మాటే కదా.

లా_సెకండియర్:
అదే కేసులో జడ్జి ఫజల్ అలీ డిసెంట్ కూడా చూడండి సార్. నోటీసు, చెప్పుకునే అవకాశం, పక్షపాతం లేని ట్రిబ్యునల్, క్రమపద్ధతి, ఈ నాలుగూ ఆ మాటలో ఉన్నాయని 1950లోనే రాశారు. అంటే 1978లో కొత్తగా పుట్టలేదు కదా.

రైతుబిడ్డ_హన్మకొండ:
డిసెంట్ అంటే ఓడిపోయిన అభిప్రాయం తమ్ముడూ.

సుమతి_తెనాలి:
ఓడిపోయిన అభిప్రాయమా. 1976లో ఎమర్జెన్సీలో పట్టి లోపల వేసిన మనిషి కోర్టుకి రావడానికే వీల్లేదని నలుగురు జడ్జీలు రాసిన రోజున వాళ్లతో విభేదించిన జడ్జి ఖన్నా గారిదీ ఓడిపోయిన అభిప్రాయమే. 2017లో తొమ్మిది మంది జడ్జీల బెంచి ఆయనదే కరెక్టు అంది. 41 ఏళ్లు. మీకు చట్టం ఉంటే చాలు, అందులో ఏం ఉందో అక్కర్లేదు. మీ ఇంట్లో ఎవర్నీ తీసుకెళ్లలేదు కాబట్టి ఇంత తీరిగ్గా 1949 మాట్లాడుతున్నారు.

రైతుబిడ్డ_హన్మకొండ:
మా ఇంట్ల ఏం జరిగిందో మీకేం తెలుసు? కోర్టు మెట్ల మీద మా తాత జీవితం పోయింది, అది మీకు లెక్క గాదా? ఇంగ్లీషు చదువులు, కోర్టులు మీ కోస్తా వాళ్లకు అలవాటు కాబట్టి జడ్జీలు దేవుళ్ల లెక్క కనవడ్తరు.

మోడరేటర్:
ప్రాంతాల మాట వద్దు. ఇంకోసారి వస్తే లాక్ చేస్తాం.

సుమతి_తెనాలి:
చెప్పేస్తాను, ఇక దాచుకోవడం ఎందుకు. మా తమ్ముడి మీద మూడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులు ఉన్నాయి. చేశాడో లేదో విచారణ కూడా మొదలవలేదు. మూడింట్లోనూ బెయిల్ వచ్చింది. బయటికి వచ్చే రోజు అమ్మ పెరుగన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే విచారణ లేకుండా ముందస్తుగా లోపల ఉంచే పీడీ యాక్ట్ ఆర్డర్ చూపించి మళ్లీ లోపలికే పంపేశారు. 1986 చట్టం అది, గరిష్ఠంగా 12 నెలలు. గూండా అని రాశారు వాడిని, 22 ఏళ్ల పిల్లాడిని. ఆ నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు ముందు లాయర్ని రానివ్వరు, చట్టంలోనే అలా ఉంది. అక్కడ ఏం అడిగారురా అంటే వాడికి సరిగ్గా చెప్పడం కూడా రాలేదు. మీరు పొద్దున్నుంచీ చెబుతున్న చట్టం పెట్టిన పద్ధతి పొల్లు పోకుండా అంతా జరిగింది. ఆర్డర్, ప్రభుత్వం ఆమోదం, బోర్డు, కన్ఫర్మేషన్, అన్నీ తేదీల ప్రకారం. ఏడు నెలలకి హైకోర్టు, ఇవి మామూలు శాంతిభద్రతల కేసులే, పబ్లిక్ ఆర్డర్‌కి, అంటే జనం మొత్తం ప్రశాంతతకి, భంగం కాదు, దీనికి మామూలు చట్టం చాలు అని కొట్టేసింది. 1949 నాటి అర్థమే పట్టుకుని కూర్చుంటే ఆ జడ్జిగారు తేదీలు సరిచూసి ఫైలు మూసేయాలి.

రైతుబిడ్డ_హన్మకొండ:
(చాలాసేపటి తర్వాత) చదివిన. కోస్తా అన్న మాట అనకుండాల్సింది, తప్పయింది.
కానీ నా మాట నేను చెప్తా. పబ్లిక్ ఆర్డర్‌కు, మామూలు శాంతిభద్రతలకు తేడా చూసి ఆ ఆర్డర్ కొట్టేసిండ్రంటే ఆ మాట ఆ 1986 చట్టంలనే ఉన్నది, అధికారి దాన్ని దాటిండు. దానికి 21ని సాగదీసే పని లేదు. ఇగ ఆ చట్టమే ఉండొద్దు అంటే నేనూ మీ దిక్కే. 1978ల 44వ సవరణ చేసి బోర్డు లేకుండ ఉంచే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించిండ్రు, బోర్డు చైర్మన్‌గ పనిచేస్తున్న హైకోర్టు జడ్జే ఉండాలన్నరు. ఆ సెక్షన్‌ని ఇప్పటిదాక అమలులకు తేలే, ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా. దాని గురించి ఎవ్వడు అడుగడు, అందరం కోర్టు దిక్కు చూసుకుంట కూసున్నం కాబట్టి. నాకు కోపం అక్కడ.

సుమతి_తెనాలి:
అడగడానికి అసెంబ్లీ దాకా వెళ్లగలిగేవాళ్లు వేరండీ. మా అమ్మ ఏ ఎమ్మెల్యేని అడుగుతుంది? దొంగ కొడుకు తల్లి అని ఆఫీసు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు ఒకాయన. హైకోర్టులో రిట్ వేస్తే కనీసం నంబర్ ఇచ్చారు, పిలిచారు, విన్నారు. మీకు చట్టసభ నాలుగెకరాలు ఇచ్చింది, నాకు కోర్టు తమ్ముణ్ణి ఇచ్చింది. మీరు అటు నమ్ముతారు నేను ఇటు నమ్ముతాను, జపాన్ నుంచి వచ్చిందా అమెరికా నుంచి వచ్చిందా అన్నది తర్వాత.

రైతుబిడ్డ_హన్మకొండ:
అది నిజమే. కానీ కోర్టు అందరికీ నంబర్ ఇయ్యదు అమ్మా. మా తాతకు ఇచ్చిన నంబర్ల మీదనే ఎద్దు పోయింది.

పెన్న_ఒడ్డు:
ఇద్దరికీ దండం. అల్లాడి వారి సంగతి మాత్రం ఎవరూ సరిచేయలా.

కొత్తసభ్యుడు_7741:
నమస్తే, నేను ఇక్కడ ఫస్ట్ టైం రాస్తున్న. మా బావమరిదిని నెల కింద పీడీ యాక్ట్ కింద పెట్టిన్రు. కాగితాల కట్ట ఇచ్చిన్రు కానీ మొత్తం ఇంగ్లీషుల ఉన్నది, వాడు ఏడో తరగతి, తెలుగు తప్ప రాదు. ఏమన్న చేయొచ్చా? మాకు తెలిసిన లాయర్ లేడు.

రైతుబిడ్డ_హన్మకొండ:
చేయొచ్చు. కాగితాలు తెలుగుల కావాలని ఇయ్యాలనే వాడి సంతకంతోని జైలు సూపరింటెండెంట్ ద్వారా దరఖాస్తు పెట్టించు, నకలు మీద ముద్ర వేయించుకో. హైకోర్టుల లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటది, ఉచితంగ లాయర్‌ని ఇస్తరు, జైల్ల ఉన్నోళ్లకు ఆదాయం లెక్క గూడ అడగరు. మనిషిని అక్రమంగ పట్టి ఉంచిండ్రని కోర్టుకు చెప్పే హెబియస్ కార్పస్ రిట్ వేయాలని చెప్పు. ఆర్టికల్ 22 క్లాజ్ 5ల కారణాలు కమ్యూనికేట్ చేయాలని ఉన్నది, 1962ల హరికిషన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, కమ్యూనికేట్ అంటే ఇంగ్లీషు కాగితం చేతుల పెట్టుడు గాదు, ఆ మనిషికి వచ్చిన భాషల అర్థమయ్యేటట్టు ఇచ్చుడు అని. ఆ కేసుల గూడ ఆర్డర్ పోయింది.

సుమతి_తెనాలి:
కొత్తసభ్యుడు గారూ, నాకు మెసేజ్ పెట్టండి, మా తమ్ముడి రిట్ కాపీ పంపిస్తాను, మీ లాయర్‌కి చూపించొచ్చు. రైతుబిడ్డ గారూ, కమ్యూనికేట్ అనే మాటకి ఆ అర్థం చెప్పింది జడ్జీలే కదండీ.

రైతుబిడ్డ_హన్మకొండ:
చెప్పిండ్రు. కానీ ఆ మాట అక్కడ రాసి ఉన్నది.