బాతుల మంద వెంట పోయిన పిలకాయల్ని బడికి తేవడం ఎట్లా?

అడిగినవారు: విడవలూరు_బడికమిటీ

మా ఊరి యానాది కాలనీ పిలకాయలు ఇద్దరు, 11 ఏళ్లవాడు, వాడి పిన్ని కొడుకు 9 ఏళ్లవాడు, బాతులు మేపను పోయారు. కోతలైన మడుల్లో మంద తిప్పే ఆయన పెద్దోళ్లకి 15 వేలు అడ్వాన్సు ఇచ్చి తీసకపోయాడు. మంద ఇప్పుడు కాలవ అవతలుంది. పిల్లోళ్లని పంపమంటే "బాకీ కట్టి తీసకపోండి" అంటున్నాడు. తలా కాస్త వేసుకుని కట్టేద్దామని ఊళ్లో పెద్దలు అంటున్నారు. కట్టొచ్చా? పెద్దోడు రెండో తరగతిలో మానేశాడు, చిన్నోడు బడి ముఖమే చూళ్లేదు. ఇద్దరికీ ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. తెచ్చాక ఏ తరగతిలో వేయాలి? మళ్లీ పోకుండా ఏం చేయాలి?

కోవూరు_కార్మికచట్టం

కట్టొద్దండీ, ఒక్క రూపాయి కూడా. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం కింద ఇట్లాంటి బాకీ రద్దయిపోయింది. రద్దయిన బాకీ కింద డబ్బు తీసుకున్నవాడికి మూడేళ్ల దాకా జైలు. మీరు చందా వేసి కట్టారంటే ఆ బాకీ నిజమేనని ఊరంతా ఒప్పుకున్నట్టు. పై కోతలకి ఆ 15 వేలే పక్క గుడిసెలో ఇంకో పిల్లోడి మీద పెడతాడు.

ఇంకో మాట. మందాయనతో ఇక బేరాలు, బెదిరింపులు వద్దు. బాతుల మందకి ఊరూ పేరూ ఉండదు. రాత్రికి రాత్రి లారీ ఎక్కించి ఇంకో మండలంలో దించేస్తే మీ ఫిర్యాదు మళ్లీ మొదటికొస్తుంది. మంద ఏ కాలవ పక్కన, ఎవరి పొలంలో ఉంది, పిల్లోళ్లు ఎప్పట్నుంచి ఉన్నారు, అడ్వాన్సు ఎంత, ఎవరి ముందు ఇచ్చారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అదే రోజు మీ డివిజన్ ఆర్డీవోకి రాతపూర్వకంగా ఇచ్చి, నకళ్లు కార్మికశాఖకి, జిల్లా బాలల రక్షణ అధికారికి పంపి రసీదు ముద్ర వేయించుకోండి.

ఆర్డీవో దగ్గరికే ఎందుకంటే, ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే. బాలకార్మిక చట్టం ఒక్కటే పెడితే యజమానికి 20 వేల నుంచి 50 వేల జరిమానాతో సరిపోవచ్చు. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు కూడా ఉంది గానీ, జైలో జరిమానానో ఏదో ఒకటి వేస్తే చాలని చట్టంలోనే ఉంది. పిల్లోణ్ని ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు, అడ్వాన్సు సంగతి కాగితాల్లోకే రాదు. అడ్వాన్సుకి కట్టిపడేశారని ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాస్తే వెట్టి కేసు అవుతుంది, వెట్టి నుంచి విడిపించినట్టు ఆర్డీవో ఇచ్చే విడుదల పత్రం వస్తుంది. ఆ పత్రం చేతికొస్తేనే కేంద్ర పునరావాస పథకం వర్తిస్తుంది. 30 వేల దాకా తక్షణ సాయం, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. పిల్లలకి మొత్తం సాయం 2 లక్షలు, దానికి మటుకు శిక్ష పడాలి. యానాదులు ఎస్టీలు కాబట్టి ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం నేరమనే అట్రాసిటీ చట్టం 3(1)(హెచ్) కూడా పెట్టమని అడగండి.

పిల్లోళ్లని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. కాలనీ మనిషి ఒకరు తోడు పోండి. తెలియని జీపు, తెలియని ఆఫీసు చూసి పిలకాయలు "మేమే ఇష్టపడి పోయాం" అనేస్తారు.

ఇందుకూరుపేట_టీచర్

పెద్దోణ్ని ఆరులో, చిన్నోణ్ని నాలుగులో వేయించండి. వయసుకి తగిన తరగతి విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకపోతే అది 14వ సెక్షన్‌కి విరుద్ధం. అంగన్‌వాడీ రికార్డో, ఏఎన్ఎం రిజిస్టరో చూపండి, అవీ లేకుంటే తల్లి రాసిచ్చిన కాగితం చాలు. జనన నమోదుకి ఇప్పుడు కోర్టుకి పోనక్కర్లేదు, 2023 సవరణ తర్వాత ఆర్డీవో స్థాయిలోనే ఆర్డరు వస్తుంది. ఎట్లాగూ అక్కడికి పోతున్నారు కదా, ఆ అర్జీ కూడా పెట్టండి.

తరగతిలో పేరు ఉండటం వేరు, ఆ పాఠం అందుకోవడం వేరు. అక్షరం రాని పిల్లోణ్ని ఆరో తరగతి ఇంగ్లీషు పాఠానికి కూర్చోబెడితే రెండు వారాల్లో కాలవగట్టు మీద కనిపిస్తాడు. 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఎంఈవోని (మండల విద్యాధికారి), సీఆర్పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) అడిగి ఏర్పాటు చేయించండి. పెద్దోడికి 'అ' నుంచి దిద్దించొద్దు, చిన్నపిల్లల పనని సిగ్గుపడతాడు. బాతు, గుడ్డు, వల, మడి, వాడి నోట్లో ఉన్న మాటలతోనే మొదలెట్టండి. లెక్కలకి భయం లేదు. పొద్దుగూకితే వందల బాతుల్ని లెక్కపెట్టి వల దడిలోకి తోలే పిల్లోడికి వందలు, పదులు కాగితం మీద చూపిస్తే చాలు.

బాతులు తెల్లారకముందే గుడ్లు పెడతాయి, ఏరను పిల్లోడు చీకట్లోనే లేచి ఉంటాడు. ఆ అలవాటు పోయేదాకా అన్నం తిన్నాక నిద్రపోతాడు. లేపి కొట్టొద్దు, చదువు పొద్దున పూటే కానివ్వండి. కాళ్లు చూడండి. నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసి ఉంటాయి. అవి మానకముందే బడి కిట్‌లో వచ్చిన బూట్లు వేయిస్తే నడవలేక బడి మానేస్తాడు. మందు రాయించి, మానేదాకా చెప్పులతోనే రానివ్వండి.

విడవలూరు_బడికమిటీ

శానా మేలు చేశారు. కేసు పెడితే మమ్మల్నే లోపలేస్తారని తల్లులు భయపడుతున్నారు.

కోవూరు_కార్మికచట్టం

బాలకార్మిక చట్టంలో తల్లిదండ్రులకి మొదటిసారి శిక్ష లేదు. ఈ మాట మీరు చెప్పడం కన్నా సచివాలయం మహిళా పోలీసు చేత కాలనీలోనే చెప్పించండి.

కనిగిరి_సీజనల్‌హాస్టల్

ఇద్దర్నీ కలిపి ఒకేచోట ఉంచండి. గురుకులంలో వేసినా సరే, ఒంటరి పిల్లోడు మొదటి వారంలోనే గోడ దూకుతాడు. మా వైపు కుటుంబాలు మిరప కోతలకి గుంటూరు పోతాయి, పిల్లల్ని సీజనల్ హాస్టల్లో ఆపుతాం. సామాన్లు సర్దే రోజున పోయి అడిగితే ఒక్కరూ వదలరు. నెల ముందు పోయి, అవ్వతాతలతో మాట్లాడితే ఆగుతారు. మీకూ అంతే, అడ్వాన్సులు చేతులు మారేది కోతలకి ముందు. ఆ నెలలోనే తల్లులకి డ్వాక్రా అప్పు, ఉపాధి పని దొరికేట్టు చూడండి. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం 13 వేలకి పిల్లోడి హాజరు 75 శాతం కావాలి, తల్లి బ్యాంకు ఖాతాకి ఆధార్ కలవాలి. డబ్బు పడని ఇళ్లలో ఎక్కువ ఈ రెండోదే కారణం.

నెల్లూరులోనే పుట్టి, ఎంవీ ఫౌండేషన్ ద్వారా బాలకార్మికుల్ని బడికి తెచ్చిన శాంతా సిన్హా బడికి రాని ప్రతి పిల్లనీ బాలకార్మికురాలిగానే లెక్కేశారు. మీ కాలనీలో కూడా అట్లే 6 నుంచి 14 లోపు అందరి పేర్లూ రాయండి, చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే ఆడపిల్లల్ని వదిలేయకండి. ఆ చంటిదాన్ని అంగన్‌వాడీలో దింపితే అక్క బడికొస్తుంది. రోజూ తొమ్మిదింపావుకి రాని వాళ్ల ఇంటికి ఎవరు పోవాలో వారం మొత్తానికి పేర్లు రాసి బడి గోడకి అంటించండి. పిల్లోడు మూడు రోజులు రాకపోతే మంద ఏ వైపు పోయిందో అప్పుడే కనుక్కోవాలి.